తీగ కడిగితే పొగ శుభ్రమవుతుందా?



ఒక క్రిస్మస్ సెలవులలో జరిగిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాము. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాము. వారిని గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాము.

మన సంఘంలోని ఒక తల్లి అరిసెలు వండే హడావిడిలో ఉండి, వంటింటి కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు చూశారు. గ్లాసులో కాసిని నీళ్లు, అడుగున సన్నటి తీగ చుట్టలు రెండు ఉన్నాయి. బాల్‌పెన్నులో స్ప్రింగు ముక్కల్లా ఉన్నాయి. మిక్సీలోవో, ఇస్త్రీపెట్టెలోవో అనుకున్నారు. నీళ్లు గోధుమ రంగు తిరిగి మామిడిపండు వాసన వేస్తున్నాయి. ఆమె పొయ్యి వైపు తిరిగి చూసి వచ్చేలోగా మూడేళ్ల మనవరాలు పీట ఎక్కి ఆ గ్లాసు అందుకుంది. జ్యూసు అనుకుంది. అమ్మమ్మ పరుగెత్తి లాక్కోవడంతో నీళ్లు పాప గౌను మీద ఒలికాయి గాని నోట్లోకి పోలేదు.

ఆ రాత్రే పాపను క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. తడి గౌను తీసేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, కొన్ని గంటలు కనిపెట్టి చూశాము. దేవుని కృపవలన పాపకు ఏమీ కాలేదు.

ఆ గ్లాసు పాప మేనమామది. చదువుకోసం బ్రిటన్ వెళ్లి సెలవులకు ఇంటికొచ్చిన కుర్రవాడు. వార్డు బయట బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాడు. వాళ్ల నాయనమ్మ గారు మాత్రం మనవడి పక్షాన మాట్లాడారు. “వాడు తాగేది వేపేనటండీ. వేప పొగైతే మంచిదే కదా, దోమలు కూడా పోతాయి” అన్నారు. వేప్ అంటే వేప చెట్టుకు సంబంధించినది కాదని ఆమెకు చెప్పడానికి కొంచెం సమయం పట్టింది.

తరువాత ఆ అబ్బాయి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. “డాక్టరు గారూ, నేను సిగరెట్లు మానడానికే దీనికి మారాను. ప్రతి ఆదివారం కాయిల్ బయటికి తీసి, ఎర్రగా కాల్చి, బ్రష్షుతో రుద్ది, కడిగి కొత్త దూది పెడతాను. ఇంత శుభ్రంగా ఉంచుకుంటే ఇంక హాని ఏముందండీ?”

అతను ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మన సంఘ కుటుంబాల పిల్లలు ఎందరో హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో, బ్రిటన్‌లో చదువుకుంటున్నారు. అందుకే ఆ రాత్రి అతనికి చెప్పిన జవాబును మీ అందరికీ చెప్పాలనుకున్నాము.

అసలు ఇది ఏ పరికరం?

ఈనాటి ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను 2003లో చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు రూపొందించారు. ఇందులో పొగాకు కాలదు. ఒక బ్యాటరీ, ఒక చిన్న తీగ చుట్ట, ఆ చుట్టలో దూది, దూదిని తడిపే ద్రవం ఉంటాయి. తీగ చుట్టనే కాయిల్ అంటారు. మీట నొక్కితే బ్యాటరీ కరెంటు తీగను వేడిచేస్తుంది. నీళ్లు కాచే హీటరు తీగ వేడెక్కినట్టే. దూదిలోని ద్రవం ఆవిరిగా మారుతుంది. దానిని పీలుస్తారు.

ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసనకూ రుచికీ కలిపే పదార్థాలు, చాలావాటిలో నికోటిన్ ఉంటాయి. తీపి కోసం కొన్నిటిలో సుక్రలోజ్ కలుపుతారు.

వీటిలో ఒక రకం పరికరాలకు కాయిల్ రెడీమేడ్‌గా వస్తుంది. పాడయితే పారేసి ఇంకొకటి పెట్టుకుంటారు. ఇంకొక రకంలో తీగ చుట్ట కొనుక్కుని, వాడేవారే కాయిల్ చుట్టి, మరలతో బిగించి, దూది దోపుకుంటారు. డబ్బు ఆదా అవుతుందని, ఆవిరి ఎక్కువ వస్తుందని, పదిమందిలో పనితనం చూపించుకోవచ్చని కుర్రవాళ్లకు ఈ రకం మీద మోజు. కాయిల్ కడిగి మళ్లీ వాడడం ముఖ్యంగా వీరిలోనే కనిపిస్తుంది.

కడగవలసిన అవసరం ఎందుకు వస్తుంది?

కొద్ది రోజులు వాడేసరికి తీగ మీద నల్లటి మాడు పేరుకుంటుంది. రుచి చేదెక్కుతుంది, గొంతు గరగరలాడుతుంది. తీపి ఎక్కువగా ఉన్న ద్రవమైతే ఇంకా త్వరగా పేరుకుంటుంది. అప్పుడు దూది లాగేసి, ఒట్టి తీగకు కరెంటు ఇచ్చి ఎర్రగా కాలుస్తారు. మాడు బూడిదవుతుంది. సన్నని బ్రష్షుతో దానిని గీకి, నీళ్లలో కడిగి, ఆరబెట్టి, కొత్త దూది పెడతారు. తీగ మళ్లీ మెరుస్తుంది. కొత్తదైపోయిందని అనుకుంటారు.

ఇక్కడ మన వంటింట్లో జరిగేదే గుర్తుచేసుకుందాము. అరిసెల పాకం ఒక్క నిమిషం ఏమరితే మాడిపోతుంది. గిన్నె అడుగున నల్లగా అంటుకుంటుంది. బూడిద వేసి, పీచుతో రుద్దితే గిన్నె మళ్లీ తెల్లబడుతుంది. కాని పాకం మాడుతున్నప్పుడు ఇల్లంతా కమ్మిన పొగ మాటేమిటి? గిన్నె తోమినంత మాత్రాన ఆ పొగ వెనక్కి రాదు.

కాయిల్ మీద మాడు కూడా అటువంటిదే. గొట్టం కొనకు నోరు ఆనించి పీలుస్తున్నప్పుడే ఆ ద్రవం మాడింది. కొంత తీగకు అంటుకుంది. మిగిలినది ఆవిరితో పాటు ఊపిరితిత్తులలోకి వెళ్లింది. తీగను బ్రష్షుతో రుద్దవచ్చు. మన రెండు ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా సూక్ష్మమైన గాలి గదులున్నాయి. వాటిని రుద్దే బ్రష్షు ఏ ఆసుపత్రిలోనూ లేదు.

వేడి ఎక్కువైతే ఏమవుతుంది?

నూనె మరీ కాగి పొగలు కక్కితే కళ్లు మండి దగ్గు వస్తుంది కదా. ఆ ఘాటుకు కారణమయ్యే వాటిలో అక్రోలిన్ ఒకటి. గ్లిజరిన్ అతిగా వేడెక్కినా అదే పుడుతుంది. దానితో పాటు ఫార్మాల్డిహైడ్ కూడా వస్తుంది. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ తయారయ్యేది దానితోనే. దూది తడారినప్పుడు, తీగలో ఒకచోట వేడి ఎక్కువైనప్పుడు ఇవి బాగా పెరుగుతాయి. పదేపదే ఎర్రగా కాల్చి గీకిన చుట్ట ఒంపులు తప్పితే, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కుతుంది. అంటే శుభ్రం చేసే పనే కొత్త ఇబ్బందికి దారి తీయవచ్చు.

“ఇవన్నీ తినే పదార్థాలలో వాడేవే కదా” అని కొందరు అంటారు. కడుపు వేరు, ఊపిరితిత్తులు వేరు. 2000లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో పాప్‌కార్న్ తయారుచేసే కర్మాగారంలో పనిచేసిన ఎనిమిదిమందికి నయంకాని శ్వాసనాళాల జబ్బు వచ్చినట్టు బయటపడింది. వెన్న వాసన కోసం కలిపే డైఅసిటైల్ ఆవిరి అందుకు కారణమని తేలింది. తింటే ఇబ్బంది లేనిది, పీల్చినవారి ఊపిరి తీసింది. అలాగే 2019లో అమెరికాలో వేప్ వాడినవారికి ఊపిరితిత్తుల తీవ్ర గాయం వ్యాపించినప్పుడు, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం గంజాయి సారం కలిపిన ద్రవాలకు, అందులోని విటమిన్ ఇ ఎసిటేట్‌కు సంబంధించినవని పరిశోధనలో తెలిసింది. కాయిల్ మురికి వలన వచ్చిన జబ్బు కాదది. అయినా, చర్మానికి రాసుకునే నూనెవంటి పదార్థం ఊపిరితిత్తులలోకి పోతే ఏమవుతుందో అది చూపించింది.

తీగలో ఏముంది?

కాయిల్ తీగ మామూలు ఇనుము కాదు. నైక్రోమ్ అనే రకంలో సుమారు 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం ఉంటాయి. కాంతల్ అనే రకంలో ఇనుము, క్రోమియం, అల్యూమినియం ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ క్రోమియం, నికెల్ ఉన్నాయి. గిల్టు దుద్దులు పెట్టుకుంటే కొందరు ఆడపిల్లలకు చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారుతుంది. అది చాలాసార్లు నికెల్ పడకపోవడమే. చర్మమే తట్టుకోలేనిదాన్ని ఊపిరితిత్తులకు అందించడం మంచిదా?

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాల్టిమోర్ ప్రాంతంలో 56 మంది వాడుతున్న సొంత పరికరాలను పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. సీసాలోని ద్రవంలో లోహాలు చాలా కొద్దిగా ఉన్నాయి. అదే ద్రవం కాయిల్ మీదుగా ఆవిరై వచ్చేసరికి సీసం, నికెల్, క్రోమియం, మాంగనీస్ పెరిగాయి. సీసం మధ్యస్థ విలువ 25 రెట్లు మించింది. ఇంకొక సంగతి కూడా గమనించారు. కాయిల్ తరచుగా మార్చేవారి పరికరాలలో లోహాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి “పాతది కడగను, ఎప్పటికప్పుడు కొత్తదే పెడతాను” అన్నా తప్పించుకున్నట్టు కాదు. మురికి తీగ మాడును ఇస్తే, మెరిసే తీగ తన లోహాన్ని ఇస్తుంది.

కొందరు నికెల్ తీగ, టైటానియం తీగ కూడా వాడతారు. వీటిని ఒట్టిగా ఎర్రగా కాల్చకూడదని వేప్ వాడేవారే ఒకరికొకరు హెచ్చరించుకుంటారు. టైటానియం అలా కాలితే తెల్లటి పొడి ఏర్పడి రాలుతుంది.

జేబులో నిప్పు

కాయిల్ ఊడదీసి మళ్లీ బిగించేటప్పుడు ఇంకొక ప్రమాదముంది. తీగ కొన పక్కనున్న లోహానికి తగిలితే షార్టవుతుంది. ఈ పరికరాలలో వాడే లిథియం బ్యాటరీ నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ నిరోధం అర ఓమ్ ఉంటే సుమారు 8 ఆంపియర్లు పారుతుంది. అది 0.1 ఓమ్ అయితే 42 ఆంపియర్లు. చాలా బ్యాటరీలు అంత తట్టుకోలేవు. రక్షణ సర్క్యూట్ లేని సాదా గొట్టం పరికరాలలో దానిని ఆపేదే ఉండదు. అమెరికాలో 2018 మేలో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్‌లో 24 ఏళ్ల యువకుడు వేప్ పరికరం పేలి చనిపోయారు.

గ్లాసులోని నీళ్లు

మమ్మల్ని అన్నిటికంటే భయపెట్టింది ఆ స్టీలు గ్లాసు. కాయిల్ నానబెట్టిన నీళ్లలోను, తీసిపారేసిన దూదిలోను నికోటిన్ ఉంటుంది. సీసాలోని ద్రవంలో ఇంకా చాలా ఎక్కువ. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది వయసున్న పసివాడు ఈ ద్రవం తాగి చనిపోయాడు. ఆ తరువాత 2016లో అమెరికా ప్రభుత్వం ఈ సీసాలకు పిల్లలు తీయలేని మూతలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

నికోటిన్ చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. మన పొగాకు రైతు కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. మంచుకు తడిసిన పచ్చి ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు రావడం అందుకే.

పిల్లలు ఈ ద్రవం మింగినా, ఒంటి మీద ఒలకబోసుకున్నా ఇలా చేయండి:

• తడిసిన బట్టలు వెంటనే తీసేసి, సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగండి.
• బలవంతంగా వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు తాగించకండి.
• లక్షణాల కోసం ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. సీసా కూడా వెంట తీసుకురండి.
• వాంతులు, చొంగ కారడం, చెమటలు, ముఖం పాలిపోవడం, వణుకు, ఫిట్స్, ఊపిరి అందకపోవడం ప్రమాద సూచనలు.

“సిగరెట్ కంటే మేలు కదా?”

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. కాలే పొగాకులో వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో లేవు. బ్రిటన్ ఆరోగ్య శాఖవారు సిగరెట్ మానలేని పెద్దవారికి, పూర్తిగా దీనికి మారితే హాని తక్కువని చెబుతున్నారు. అదే నోటితో, సిగరెట్ తాగనివారు, పిల్లలు దీనిని ముట్టుకోవద్దనీ చెబుతున్నారు. తక్కువ హాని అంటే హాని లేదని కాదు. మన ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ వలన అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వచ్చిన తల్లులను చూశాము. దానికంటే ఇది నయమనడం నిజమే కావచ్చు. కాని దానితో పోల్చితే ఏదైనా నయమే.

మన దేశంలో సంగతి వేరు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరం డిసెంబరులో చట్టం ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు నిషేధించారు. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. విదేశాల నుండి వచ్చే పిల్లలు పెట్టెలో ఇవి తేవద్దని తల్లిదండ్రులు ముందే చెప్పాలి. స్నేహితుల కోసమైనా తేకూడదు.

విదేశాలలో ఉండి ఇంకా మానలేనివారికి ఈ కొద్ది మాటలు. ఇవి వాడమని అనుమతి కాదు, ప్రాణాలు కాపాడే జాగ్రత్తలు. వంట గిన్నెలలో, తాగే గ్లాసులలో కాయిల్ నానబెట్టవద్దు. ద్రవం సీసా తాళం వేసిన చోట ఉంచండి. బ్యాటరీ తీసిన తరువాతే కాయిల్ ముట్టుకోండి. పైతొడుగు చిరిగిన బ్యాటరీ వాడవద్దు. విడి బ్యాటరీని తాళంచెవులతో, చిల్లర నాణేలతో కలిపి జేబులో వేసుకోవద్దు.

మానాలంటే

ప్రతి ఆదివారం కూర్చుని తీగ చుట్టి, కాల్చి, కడిగి, దూది పెట్టుకునే పనిలో ఒక మోజు ఉంది. అలవాటును బలపరిచేది నికోటిన్ ఒక్కటే కాదు, ఈ చేతిపని కూడా. కాబట్టి మానేటప్పుడు చేతులకు వేరే పని కావాలి. ఒక తేదీ పెట్టుకోండి. తీగ, దూది, సీసాలు అన్నీ ఆ రోజుకు ఇంట్లో లేకుండా చేయండి. మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి. కొన్ని వారాలలో తగ్గిపోతాయి. కోరిక పుట్టినప్పుడు కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే అది దాటిపోతుంది. నీళ్లు తాగండి, నడవండి, ప్రార్థించండి, ఒకరికి ఫోన్ చేయండి. అవసరమైనవారికి నికోటిన్ గమ్ వంటివి డాక్టరు సలహాతో వాడవచ్చు. పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ 1800-11-2356. తెలుగులో కూడా మాట్లాడతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడి సంచిలో ఇది కనబడితే పదిమందిలో పరువు తీయకండి. ముందు అడగండి, తరువాత వినండి. తిట్టిన పిల్లవాడు దాచుకుంటాడు. విన్న పిల్లవాడు ఆసుపత్రికి వస్తాడు.

ఇవి మాత్రం తప్పక కడగండి

మా దగ్గరికి వచ్చే ఉబ్బసం రోగులు ఈ వ్యాసం చదివి తికమక పడకూడదు. పీల్చేవాటిలో శుభ్రం చేసి మళ్లీ వాడవలసినవి వేరే ఉన్నాయి. నెబ్యులైజరు కప్పు, మాస్కు వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ మీద గాలికి ఆరనివ్వండి. తడిగా మూత పెడితే క్రిములు పెరుగుతాయి. ఇన్‌హేలరుకు పెట్టే స్పేసరును సబ్బు నీటిలో కడిగి, లోపల గుడ్డతో తుడవకుండా ఆరబెట్టండి. ఇవి ఊపిరి నిలపడానికి ఇచ్చినవి. వీటి శుభ్రానికి అర్థముంది.

ఆ అబ్బాయి సంగతి

ఆ రాత్రి అతను మాతో వాదించలేదు. పాప నిద్రపోతున్న మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాడు. మరుసటి వారం తనంతట తానే ఓ.పి.కి వచ్చి తేదీ పెట్టుకున్నాడు. బ్రిటన్ వెళ్లిన తరువాత ఒక నెల మానాడు, పరీక్షల సమయంలో మళ్లీ పడ్డాడు. సిగ్గుపడకుండా ఆ సంగతి మాకు ఫోన్ చేసి చెప్పాడు. మళ్లీ మొదలుపెట్టమన్నాము. ఈస్టరు తరువాత నుండి దానిని ముట్టుకోలేదని మొన్న వాళ్లమ్మగారు చెప్పారు. పడినవారిని లేపే దేవుడు మన దేవుడు. మానడంలో ఒకటి రెండుసార్లు జారిపోవడం ఓటమి కాదు.

గిన్నెకు బయట మాత్రమే శుభ్రం చేసేవారిని గూర్చి ప్రభువు మత్తయి సువార్త 23వ అధ్యాయంలో మాట్లాడారు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ భాగం చదువుకోండి. మీ పిల్లలు దూరాన ఉంటే ఫోన్‌లో చదివి వినిపించండి. తరువాత ఈ వ్యాసం కూడా వినిపించండి.

దేవుడు మీ కుటుంబాలను, మీ పిల్లల ఊపిరిని కాపాడును గాక.